కుడి సీటు మాటలు

జూన్ 5, సోమవారం

డైరీ రాయమన్నది మా ఆవిడ. "నోరెలాగూ విప్పరు, కనీసం పెన్ను మూతైనా విప్పండి" అంటూ దీన్ని చేతిలో పెట్టింది. ఎవరికీ చూపించనక్కర్లేదట. చూపించను కూడా.

ఇవాళ యూనిఫాం వచ్చింది. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, భుజాల మీద రెండేసి గీతలు. వైమానిక దళంలో నేను గదిలోకి వస్తే కుర్చీలు చప్పుడు చేస్తూ వెనక్కి జరిగేవి. ఇవాళ దర్జీ నా భుజాలు సర్దుతూ "కొత్తగా చేరారా సార్? ఏం పర్లేదు, మెల్లిగా మూడో గీత కూడా వచ్చేస్తుంది" అని ధైర్యం చెప్పాడు. ఓడలు బళ్ళవుతాయని వినడమే కానీ, బండికి కొలతలు కూడా తీసుకుంటారని తెలియదు.

నాకేం బాధ లేదు. ఫైటర్ విమానాలు చాలినన్ని నడిపాను. ఇకనుంచి చిన్న ఊళ్ళ మధ్య తిరిగే చిన్న కంపెనీ, రెండు పంకాల విమానం, వెనకాల జనం, పక్కన ఇంకో పైలట్. అంతే తేడా. ఎగరడం ఎగరడమే.

ఎందుకు చేరానో కూడా రాసి పెట్టుకుంటాను. పెళ్ళయినప్పటినుంచీ మా ఆవిడ నా బదిలీల వెంట తిరిగింది. ఏ బడిలోనూ పిల్లలకి లెక్కలు మొదలుపెట్టి చివరిదాకా చెప్పలేకపోయింది. ఈ ఊళ్ళో మొదటిసారి పర్మనెంట్ ఉద్యోగం దొరికింది. "ఇక నేను కదలను. మీరు ఎంత దూరం ఎగిరినా సాయంత్రానికి ఇక్కడ వాలండి" అంది. ఈ కంపెనీ విమానాలు ఈ ఊళ్ళో లేచి ఈ ఊళ్ళోనే దిగుతాయి. అందుకే ఇది.

సర్కారు క్వార్టర్స్‌లో గోడకి మేకు కొట్టనివ్వరు. ఇక్కడ కొట్టుకోవచ్చని ఇంటాయన చెప్పగానే ఆవిడ సుత్తి కొనుక్కొచ్చింది. అరడజను మేకులు కొట్టాక చూస్తే, తగిలించడానికి ఫొటోలు రెండే ఉన్నాయి. మిగిలిన వాటికి మా అత్తయ్య తన చేతిసంచులు తగిలించింది.

జూన్ 7, బుధవారం

తరగతులూ సిమ్యులేటరూ పోయిన నెలలోనే అయిపోయాయి. ఇవాళ మొదటిసారి నిజమైన ప్రయాణికులతో.

ఎడమ సీట్లో నాకు శిక్షణ ఇచ్చే కెప్టెన్. నాకంటే పదిహేనేళ్ళయినా చిన్నది. నేను "మేడమ్" అంటాను, ఆవిడ "సార్" అంటుంది. సార్ అంటూనే తిడుతుంది. ఇది నాకు కొత్త. మా దగ్గర తిట్టేవాళ్ళు సార్ అనరు, సార్ అనేవాళ్ళు తిట్టరు.

ఫైటర్‌లో ఎక్కేటప్పుడు ఒకడు నిచ్చెన పట్టుకునేవాడు, ఇంకొకడు బెల్టులు బిగించేవాడు. ఇక్కడ నా పెట్టె నేనే లాక్కుంటూ వెళ్ళాను. విమానం చుట్టూ తిరిగి చక్రాలు చూసుకుంటుంటే సామాన్లు ఎక్కించేవాడు "సార్, కాస్త పక్కకి" అని నా కాళ్ళ మీదుగా బండి పోనిచ్చినంత పని చేశాడు. బయల్దేరేటప్పుడు కింద నిలబడి దారి చూపించే కుర్రాడికి అలవాటు కొద్దీ సెల్యూట్ చేశాను. అతను వెనక్కి తిరిగి ఎవరికా అని చూశాడు.

ల్యాండింగ్ బాగా వచ్చింది. ఆ మాట నేనే రాసుకోవాలి, ఇంకెవరూ అనలేదు.

జూన్ 12, సోమవారం

ప్రయాణికులతో మైకులో మాట్లాడటం కూడా నా పనేనట. ఇవాళ మొదటిసారి మాట్లాడాను. "వాతావరణం అనుకూలం. ఇరవై నిమిషాల్లో టార్గెట్ చేరతాం" అన్నాను.

వెనకాల ఒక పెద్దావిడ ఎయిర్ హోస్టెస్‌ని పిలిచి, "టార్గెట్ అంటున్నాడేంటమ్మా, దిగుతామా లేదా?" అని అడిగిందట. మేడమ్ నవ్వు ఆపుకోలేక తన నీళ్ళ సీసా నాకిచ్చింది, పట్టుకోమని. నాకూ నవ్వొచ్చింది కానీ నవ్వలేదు.

ఇంటికొచ్చి చెబితే మా అత్తయ్య పొట్ట పట్టుకుని నవ్వింది. సాయంత్రం బజారుకి వెళుతూ "అల్లుడుగారూ, నేను టార్గెట్‌కి వెళ్ళొస్తా" అని చెప్పి మరీ వెళ్ళింది.

జూన్ 20, మంగళవారం

మేడమ్ ఇవాళ దిగాక మెట్ల దగ్గరే ఆపేసింది.

"సార్, మీరు మళ్ళీ ఒంటరైపోయారు."

ఏమైందన్నాను.

"మేఘం చూశారు, పక్కకి తిప్పారు, దాటారు, మళ్ళీ దారిలోకి తెచ్చారు. అంతా చక్కగా ఉంది. నాతో ఒక్క మాట అన్నారా?"

"మీకూ కనిపిస్తూనే ఉంది కదా మేడమ్."

"మేఘం కనిపిస్తోంది సార్. మీ బుర్రలో ఏముందో కనిపించదు."

ఈ విమానంలో పద్ధతి ఇదీ. నడిపేవాడు నడపాలి, రెండోవాడు చూడాలి. చక్రాలు దించాలంటే నడిపేవాడు లివరు ముట్టుకోకూడదు, "గేర్ డౌన్" అని అడగాలి. రెండోవాడు వేగం చూసి, సరే అని పైకి చెప్పి, అప్పుడు దించాలి. ఏది చేసినా ముందు మాట, తర్వాత చెయ్యి. సిమ్యులేటర్‌లో ఎలాగో నెట్టుకొచ్చాను. నిజంగా ఎగిరేటప్పుడు మాత్రం నా చెయ్యి ముందు వెళ్ళిపోతుంది. ఒంటి సీటు విమానంలో ఎవరికి చెప్పాలి? రేడియోలో ఎక్కువ మాట్లాడేవాణ్ణి చూసి స్క్వాడ్రన్‌లో నవ్వేవాళ్ళు, వీడికి కంగారెక్కువని.

"మా దగ్గర నిండు కుండ తొణకదంటారు మేడమ్" అన్నాను, కాస్త గొప్పగానే.

"కుండ నిండుగా ఉందో ఖాళీగా ఉందో పక్కవాళ్ళకెలా తెలుస్తుంది సార్? అప్పుడప్పుడూ తొణకండి" అంది.

జూన్ 29, గురువారం

ఇవాళ అడ్డగాలిలో ల్యాండింగ్ వెన్నలా వచ్చింది. మేడమ్ ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే బాగున్నట్టే కదా.

జూలై 6, గురువారం

రేపు చెక్. పరీక్షాధికారి ఎడమ సీట్లో కూర్చుని ఒకసారి పోనూ, ఒకసారి రానూ నన్ను చూస్తాడు. సరేనంటే నేను అసలైన కో-పైలట్‌ని. కుర్ర పైలట్లు ఆయనకి పెట్టిన పేరు తాళంకప్ప. మొహం ఎప్పుడూ మూసి ఉంటుందట, తాళంచెవి ఎవరి దగ్గరా లేదట.

నాకేం కంగారు లేదు. బూట్లు రెండుసార్లు పాలిష్ చేశాను. అది అలవాటు.

మేడమ్ వెళుతూ వెళుతూ "నోరు సార్, నోరు" అంది.

జూలై 7, శుక్రవారం

రాయడానికేం లేదు. వాన పడింది.

జూలై 8, శనివారం

ఎలా అయిందని అడిగితే, బాగానే అయిందని చెప్పాను. అబద్ధం కాదు. ల్యాండింగ్ బాగానే అయింది.

జూలై 10, సోమవారం

తెలిసిపోయింది.

కంపెనీ ఆఫీసువాళ్ళు ఇంటికి ఫోన్ చేశారు. అప్పుడు నేను స్నానాల గదిలో ఉన్నాను. మా ఆవిడ తీసింది. "సార్‌కి అదనపు శిక్షణ వేశామండీ, ఇరవై అయిదున మళ్ళీ చెక్, అది ఆఖరిది అని చెప్పండి" అన్నారట. తల తుడుచుకుంటూ బయటికొచ్చేసరికి ఆవిడ ఫోన్ పక్కనే కూర్చుని ఉంది.

"మళ్ళీ చెక్ అంటే?"

చెప్పక తప్పలేదు. శుక్రవారం వానలో దిగుతున్నప్పుడు నా చెయ్యి చాచి చక్రాల లివరు నేనే దించేశాను. తాళంకప్ప చెయ్యి అప్పటికే అటు వస్తోంది. నా చెయ్యి ఆయన చేతి మీద నుంచి వెళ్ళింది. కింద దిగాక ఆయన అన్నది రెండే మాటలు. "విమానం బాగా నడిపావు. నన్నెందుకు తీసుకొచ్చావు?" అన్నాడు. ఫెయిల్.

ఇంకోసారి తప్పితే కంపెనీ వదులుకుంటుంది. అప్పుడు నన్ను తీసుకునేది ఒక్కటే చోటు, మా పాత వైమానిక దళంవాళ్ళ శిక్షణ కేంద్రం. అది ఇక్కడికి రెండు రోజుల ప్రయాణం. అంటే మళ్ళీ పెట్టెలు. ఆవిడ ఉద్యోగం మళ్ళీ గాలికి. ఇది కూడా చెప్పాను. 

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఒంటి సీటు విమానం దిగి వచ్చారు గానీ ఇల్లు కూడా ఒంటి సీట్లోనే నడుపుతున్నారు" అంది. "శుక్రవారంనుంచి నేను కొత్త టైంటేబుల్ గురించి మాట్లాడుతుంటే ఊ కొట్టారు. ఎలా కొట్టారండీ?"

తల తుడుచుకున్న తువ్వాలు మడతపెడుతూ కూర్చున్నాను.

అత్తయ్య వంటింట్లోంచి తల బయటపెట్టి, "అడగందే అమ్మైనా అన్నం పెట్టదు, ఆ తాళంకప్ప చక్రాలు దించుతాడా?" అంది. పేరు ఆవిడకెలా తెలుసో. నేనే ఎప్పుడో చెప్పి ఉంటాను. అంటే, అప్పుడప్పుడూ చెబుతానన్నమాట.

జూలై 11, మంగళవారం

ఇంట్లో విమానం తయారైంది.

ప్లాన్ మా ఆవిడది. రెండు కుర్చీలు పక్కపక్కన, ఎదురుగా ఇస్త్రీ బల్ల. బల్ల మీద గడియారాల బొమ్మలు అంటించిన అట్ట. అట్టకి పెద్ద చిల్లు పెట్టి, అందులోంచి గరిటె దూర్చింది. అది చక్రాల లివరు. కెప్టెన్ సీట్లో ఎవరు కూర్చోవాలని నేను అడిగేలోపే అత్తయ్య కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చి ఎడమ కుర్చీలో కూర్చుంది.

"చెప్పు బాబూ, ఏ ఊరు?"

అత్తయ్య నన్ను ఇన్నేళ్ళలో ఎప్పుడూ "నువ్వు" అనలేదు. అదే అడిగాను.

"కెప్టెన్ని. కో-పైలట్‌ని మీరు అనాలా?" అంది.

మా ఆవిడ వెనకాల సోఫాలో ప్రయాణికుల తరఫున కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ నా మాటలు వింటుంది. నేను మాట లేకుండా ఏదైనా చేస్తే ఎర్ర పెన్నుతో బల్ల మీద కొడుతుంది. మొదటి ల్యాండింగ్‌లో తలుపు మీద ఎవరో కొడుతున్నారనుకున్నాను.

గరిటె దగ్గరికి నా చెయ్యి వెళ్ళింది. అత్తయ్య ఆ గరిటె ఊడదీసి నా వేళ్ళ మీద ఒక్కటిచ్చింది.

"అడుగు!"

"గేర్ డౌన్."

"ఎంత వేగంలో ఉన్నాం?"

"అది మీరు చూసి చెప్పాలి అత్తయ్యా."

"చూశాను. సరిపోయింది. దించుతున్నా." గరిటె మళ్ళీ చిల్లులో దూర్చి దించింది. దించాక "ఇంతేనా? ఈ మాత్రానికేనా ఫెయిల్ చేసింది?" అని నా వంక జాలిగా చూసింది.

జూలై 15, శనివారం

పొద్దున నిజం విమానం, సాయంత్రం ఇస్త్రీ బల్ల. రెంటిలోనూ కెప్టెన్లు ఆడవాళ్ళే, రెంటిలోనూ తిట్లు నాకే. తేడా ఏమిటంటే అత్తయ్య మధ్యలో లేచి పొయ్యి కట్టేసి వస్తుంది. "కంట్రోల్ నీదే బాబూ" అని చెప్పి మరీ వెళుతుంది. మేడమ్‌కి చెబితే "మీ అత్తగారు మీకంటే బాగా నేర్చుకున్నారు సార్" అంది.

ఇవాళ ఎగిరేటప్పుడు ఎదురుగా మేఘం కనిపించింది. "ముందు మేఘం ఉంది. ఎడమకి పది డిగ్రీలు తిప్పుదామనుకుంటున్నా, మీరేమంటారు?" అన్నాను. పైకే అన్నాను. అన్నాక సిగ్గేసింది, నాకు తెలిసిన సంగతిని పదిమందిలో ఎవర్నో అడుగుతున్నట్టు.

మేడమ్ అద్దంలోంచి చూసి, "కుడికి తిప్పుదాం సార్, ఎడమవైపు దాని వెనకాల ఇంకొకటి ఉంది, మీ సీట్లోంచి కనిపించదు" అంది.

నిజమే, కనిపించలేదు.

దాని గురించే ఇందాకటినుంచీ ఆలోచిస్తున్నాను. ఇన్నేళ్ళలో నా సీట్లోంచి కనిపించనివి ఎన్ని ఉండి ఉంటాయి?

జూలై 19, బుధవారం

కంపెనీ పార్కింగ్ దగ్గర ఇద్దరు కుర్ర కో-పైలట్లు నన్ను చూసి ఏదో గుసగుసలాడుకున్నారు. వాళ్ళకి నా ఫెయిల్ సంగతి తెలుసు. వెళ్ళి పలకరించాను. మామూలుగా అయితే నేరుగా నడిచి వెళ్ళిపోయేవాణ్ణి.

"మీరు చెక్‌లో ఏం తప్పు చేశారు?" అని అడిగాను.

ఇద్దరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒకతను తల గోక్కుంటూ "నేను మైకు ఆన్‌లో ఉందని తెలీక పాట పాడాను సార్, ఒక చరణం మొత్తం" అన్నాడు. రెండో అమ్మాయి "నేను తాళంకప్ప గారిని పొరపాటున నాన్నా అని పిలిచాను" అంది. అయినా పాసయ్యారట. గుసగుసలు ఫెయిల్ గురించి కాదు, టార్గెట్ గురించి. ఆ మాట కంపెనీ అంతా పాకిపోయింది. కాఫీకి వెళ్ళేటప్పుడు కూడా ఇప్పుడు టార్గెట్‌కే వెళుతున్నారట.

చాలాసేపు నవ్వుకున్నాం. నవ్వాను, నేను కూడా.

జూలై 22, శనివారం

ఇవాళ అత్తయ్యతో గొడవ. దిగుతుంటే మధ్యలో "గో అరౌండ్" అని అరిచింది. అంటే దిగడం మానేసి మళ్ళీ పైకెక్కమని. ఇద్దరిలో ఎవరు ఆ మాట అన్నా రెండోవాళ్ళు కారణం అడక్కుండా పైకెక్కాలి. తర్వాతే ప్రశ్నలు. ఇది కంపెనీ నియమం, నేనే ఆవిడకి నేర్పాను.

"ఎందుకు?" అన్నాను.

ఎర్ర పెన్ను బల్ల మీద మోగింది.

"అడిగావు. చచ్చాం" అంది అత్తయ్య. "బల్లి కనిపించింది. బల్లైతేనేం, ముందు ఎక్కాలి కదా."

తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటుంది అత్తయ్య. కానీ బల్లి నిజంగానే ఉంది, ఇస్త్రీ బల్ల అంచున.

జూలై 24, సోమవారం

రేపు చెక్. కంగారుగా ఉంది.

జూలై 25, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పోయేటప్పుడు నేను నడిపాను. ఎడమ సీట్లో తాళంకప్ప. నా నోరు నాకే కొత్తగా అనిపించింది. మేఘం ఉందన్నాను, ఎటు తిప్పుదామన్నాను. గాలి మారిందన్నాను. గేర్ డౌన్ అని అడిగి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. ఆయన దించాడు. ఆ క్షణంలో గరిటె గుర్తొచ్చి నవ్వొచ్చేసింది, పళ్ళు బిగబట్టాను. దిగాం.  తాళం తాళంలాగే ఉంది.

వచ్చేటప్పుడు నడిపేది ఆయన, చూసేది నేను. అప్పుడే వాన వెలిసి ఎండ వచ్చింది. మా ఊరి రన్‌వే తడిసి మెరుస్తోంది. బాగా కిందికి వచ్చేశాం. అప్పుడు చూశాను. రన్‌వే మొదట్లో, గీతలకి కొంచెం అవతల, నల్లగా పడుకుని ఏదో ఉంది. కుక్కా? దూడా? ఎవరైనా మనిషా?

ఒక్క క్షణం. పాత అలవాటు ఒకటి గొంతు మీద చెయ్యి వేసింది. ఇంకాస్త చూడు, ఖాయం చేసుకో, తప్పయితే నవ్వులపాలవుతావు అంది. నడిపేది ఆయన, నాకంటే బాగా చూసే మనిషి, ఆయనకి కనిపించలేదంటే లేనట్టే అంది. ఇంకా చాలా చెప్పేదే.

"గో అరౌండ్" అన్నాను.

ఆయన ఎందుకని అడగలేదు. నా వైపు చూడను కూడా లేదు. అనడమే తరువాయి, ఇంజిన్లు గర్జించాయి, ముక్కు పైకి లేచింది. ఆయన "గేర్ అప్" అన్నాడు, నేను పైకి లాగాను. ఎక్కేశాం.

పైన తిన్నగా అయ్యాక ఆయన "ఏం చూశావు?" అన్నాడు.

"రన్‌వే మీద ఏదో ఉందండీ. దూడేమో."

కంట్రోల్ టవర్‌ని అడిగాను. వాళ్ళు బండి పంపించారు. కాసేపటికి టవర్‌లోని అమ్మాయి గొంతు వచ్చింది. "రన్‌వే ఖాళీగానే ఉంది. నీళ్ళ మరక తప్ప ఏమీ లేదు."

నీళ్ళ మరక! ఆరుతున్న నీళ్ళ మరక! చెవులు వేడెక్కిపోయాయి. యుద్ధ విమానాలు నడిపినవాణ్ణి, తడి నేలని చూసి జడుసుకున్నాను. అయిపోయింది, ఇల్లు ఖాళీ చెయ్యాలి, గోడకున్న ఆ మేకులన్నీ ఊడబీకాలి అనుకున్నాను. ఆవిడకి ఎలా చెప్పాలి, బడికి వెళ్ళి చెప్పాలా, ఇంటికొచ్చేదాకా ఆగాలా అని కూడా అనుకున్నాను. అన్నీ ఆ ఒక్క మలుపులోనే.

"ప్రయాణికులకి చెప్పు" అన్నాడు ఆయన.

మైకు తీసుకున్నాను.  ఉన్నదే చెప్పాను. "రన్‌వే మీద ఏదో ఉందని అనుమానం వచ్చి పైకెక్కాం. చూసొచ్చారు, ఏమీ లేదు. అనుమానం వచ్చింది నాకే. మీకు ఆలస్యమైనందుకు క్షమించండి. ఇప్పుడు దిగుతున్నాం." వెనకనుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. ఎగతాళికో, నిజంగానో తెలియదు.

రెండోసారి దిగాం. ఆ మరక పక్కనుంచే వెళ్ళాం. దగ్గరనుంచి చూస్తే దానికి కాళ్ళూ లేవు, తోకా లేదు. అది దూడలా ఎలా కనిపించిందో నాకిప్పటికీ అర్థం కాలేదు.

ప్రయాణికులందరూ దిగాక తాళంకప్ప సీటు వెనక్కి జరుపుకుని నా వైపు తిరిగాడు.

"నువ్వు తప్పు చూశావు."

"అవునండీ."

"అక్కడ ఏమీ లేదని నాకు తెలుసు. ఇక్కడ దిగడం నాకు కొత్త కాదు, ఆ మరక వాన పడ్డప్పుడల్లా అక్కడే ఉంటుంది."

 "మరి పైకెందుకు ఎక్కారండీ?" అని అడిగాను.

"నువ్వు ఎక్కమన్నావు కాబట్టి." ఆయన సంతకం పెడుతూ తల ఎత్తలేదు. "ఖాయం చేసుకున్నాక చెప్పేవాళ్ళు నాకొద్దు. రేపు నిజంగానే దూడ ఉంటుంది, అది నాకు కనిపించదు. ఆరోజు నువ్వు నోరు విప్పుతావని ఇవాళ తెలిసింది. పాస్."

తాళం తెరుచుకుంది. పళ్ళు చిన్నవి, మనిషి నవ్వితే పదేళ్ళు తగ్గాడు.

పైలట్ల గదిలోకి వచ్చి ముందు మా ఆవిడకి ఫోన్ చేశాను. బళ్ళో విరామం సమయం. స్టాఫ్ రూంలో గోల గోలగా ఉంది. పాసయ్యానని ఒక్క మాట చెప్పి ఊరుకోలేదు. మేఘం దగ్గర్నుంచి మొదలుపెట్టి దూడ, నీళ్ళ మరక, చప్పట్లు, అన్నీ చెప్పాను. భయమేసిందని కూడా చెప్పాను. గో అరౌండ్ అన్నాక కాదు, అనకముందు ఆ ఒక్క క్షణం వేసిందని చెప్పాను. ఆవిడ నవ్వుతూ వింటోంది. మధ్యలో ఎవరితోనో "మా వారు పాసయ్యారు" అంటే అక్కడ అందరూ హోరెత్తారు.

తర్వాత ఆ గోల సన్నగిల్లింది. ఆవిడ ఎక్కడికో బయటికి నడిచినట్టుంది.

"ఏమండీ."

"చెప్పు."

"ఇన్నేళ్ళూ నాకు భయంగానే ఉండేది."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"మీరు ఫైటర్ ఎక్కిన ప్రతిరోజూ. నేను కొత్తగా కాపురానికొచ్చినప్పుడు మీ స్క్వాడ్రన్‌లో పెద్దావిడ ఒకావిడ నన్ను పక్కకి పిలిచి చెప్పింది, ఎగరడానికి వెళ్ళేవాళ్ళకి జాగ్రత్త అని చెప్పకూడదమ్మా, మనసు చెదురుతుంది అని. అక్కడ ఆడవాళ్ళెవరూ అనరు. నేనూ అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు. మీరు తలుపు దాటాక రేడియో పెట్టుకుని లెక్కలు చేసుకునేదాన్ని, ఏ చప్పుడూ వినపడకుండా."

ఆవిడ తలుపు దగ్గర నిలబడి నవ్వుతూ చెయ్యి ఊపడమే నాకు తెలుసు. ఎన్నో చోట్ల, ఎన్నో తలుపుల దగ్గర. ఆవిడకి భయమంటే ఏమిటో తెలియదని, నాకు భలే ధైర్యస్తురాలు దొరికిందని స్నేహితుల దగ్గర గొప్పలు చెప్పుకునేవాణ్ణి.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"మీరెప్పుడైనా అడిగారా?"

అడగలేదు. అదే చెప్పాను, అడగలేదు అని. చెప్పి, క్షమించమని కూడా అన్నాను. ఆవిడ ఏడుస్తోందో నవ్వుతోందో ఫోన్‌లో తెలియలేదు. బహుశా రెండూనేమో. నా సంగతి మాత్రం తెలుసు, కళ్ళు తుడుచుకోవడానికి టోపీ అడ్డం పెట్టుకున్నాను. అప్పుడే లోపలికొచ్చిన మేడమ్ నన్ను చూసి, ఫెయిలయ్యాననుకుని, కంగారుగా నీళ్ళు తెచ్చింది. బొటనవేలు పైకెత్తి చూపించాను. అయినా నీళ్ళు అక్కడ పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

ఫోన్‌లో బడి గంట వినిపించింది.

"క్లాసుంది, వెళ్ళాలి. రేపు ఎన్నింటికి మీ విమానం?"

"పొద్దున్నే. ఆరింటికి."

గంట ఆగిపోయినా ఆవిడ ఫోన్ పెట్టలేదు.

"జాగ్రత్తగా వెళ్ళి రండి" అంది.

పెళ్ళయినప్పటినుంచీ ఆ మాట ఆవిడ నోట వినడం ఇదే మొదలు. సరేనన్నాను.  వినిపించలేదేమోనని, ఇంకోసారి గట్టిగా అన్నాను.